థీసిస్‌ని పుస్తకంగా వేయాలి: ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎంతవుతుంది?

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. గ్రంథాలయోద్యమం మీద పీహెచ్‌డీ చేశాను, తెలుగులోనే. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగాక కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో పుట్టుకొచ్చిన పఠన మందిరాలు, వాటి చందా రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు నా విషయం. వైవా అయిపోయింది. గైడ్ గారు "బీరువాలో పెట్టకు, పుస్తకం వెయ్యమ్మా" అంటున్నారు.

యూనివర్సిటీ ప్రచురణల విభాగాన్ని అడిగితే నిధులు లేవు, పేరు రాసుకుంటామన్నారు. విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త వేస్తానన్నారు గానీ సగం ఖర్చు నన్ను పెట్టుకోమన్నారు. ఇంతలో ఓ సంస్థ నుంచి మెయిల్: "మీ థీసిస్ మా సంపాదక వర్గానికి ఎంతో నచ్చింది, మూడు వారాల్లో ఐఎస్‌బీఎన్‌తో అంతర్జాతీయ ప్రచురణ, 35 వేలు". మెయిల్ ఇంగ్లీషులో ఉంది, సంపాదక వర్గంలో తెలుగు పేరు ఒక్కటీ లేదు. నా థీసిస్‌ని వాళ్లు ఎలా చదివారో!

ఇందులో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. థీసిస్ 410 పేజీలు, టైపు చేసినవి.

రిటైర్డ్‌రీడర్ | సోమవారం రాత్రి 9:50

అమ్మాయీ, ఆ మెయిల్‌కి జవాబివ్వకు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో పూర్తిగా ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే రచయితకైనా నంబరు ఇస్తారు. అది పుస్తకాన్ని గుర్తుపట్టే అంకె మాత్రమే. నాణ్యతకి ముద్ర కాదు. ఆ పదమూడు అంకెల్ని చూపించి వేలు గుంజుతున్నారు.

ఈ వ్యాపారం ఎందుకు మొలిచిందో కూడా చెబుతాను. 2018 యూజీసీ నిబంధనల్లో, లెక్చరర్ల ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ లెక్కేసేటప్పుడు, అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12 పాయింట్లు, జాతీయ ప్రచురణకర్త అయితే 10, సంకలనంలో ఒక అధ్యాయానికి 5. పాయింట్ల కోసం పుస్తకాలు, పుస్తకాల కోసం కంపెనీలు. మా తెలుగు శాఖల్లో సెమినార్ సంచికలు చూడండి. వ్యాసానికింత అని రాసినవాళ్ల దగ్గరే వసూలు చేసి, ఐఎస్‌బీఎన్ వేసి, వ్యాసకర్తల సంఖ్యకి సరిపడా కాపీలు కొట్టి పంచుతారు. బయట ఒక్క దుకాణంలో దొరకదు. అచ్చయింది గానీ ప్రచురణ కాలేదు.

పత్రికల సంగతీ ఇంతే. దొంగ జర్నళ్లని ఏరిపారేయడానికి 2019లో నమ్మదగ్గ పత్రికల పేర్లతో కేర్ జాబితా తెచ్చారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. నిర్ణయించుకునే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థలదే.

చిన్నప్రెస్ | సోమవారం రాత్రి 10:31

మీకు సగం ఖర్చు చెప్పింది నేను కాదు గానీ ఆ పని చేసేవాడినే కాబట్టి లెక్క చెబుతాను. తిట్టేముందు చదవండి.

మీ 410 పేజీలు కుదిస్తే డెమ్మీ 1/8లో (మామూలు పుస్తకం సైజు) 240 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 15 అనుకుందాం. 300 కాపీలు. అంత తక్కువకి ఆఫ్‌సెట్ గిట్టదు, డిజిటల్‌లో వేయాలి. కాపీకి 110 పడిందనుకోండి. ధర 250 పెట్టాం. దుకాణానికి 40 శాతం కమీషన్ పోతే చేతికొచ్చేది 150. అచ్చు ఖర్చు తీస్తే 40. మీకు 10 శాతం రాయల్టీ 25. నాకు మిగిలేది 15. మూడొందల కాపీలూ అమ్ముడై, అన్ని దుకాణాలూ డబ్బు కట్టేస్తే 4,500. ఇంకా డీటీపీ, ప్రూఫులు, కవర్, పోస్టల్, గోడౌన్ అద్దె ఇందులో రాలేదు.

పుస్తకం మీద జీఎస్టీ లేదు కదా అంటారు. అక్కడే చిక్కు. పుస్తకానికి సున్నా కాబట్టి కాగితం మీద కట్టిన పన్ను మాకు వెనక్కి రాదు. 2025 సెప్టెంబరు మార్పుల్లో నోటు పుస్తకాల కాగితానికి పన్ను తీసేశారు, మేం వాడే కాగితానికి 12 నుంచి 18కి పెంచారు. పిల్లల నోటు పుస్తకానికి ఇవ్వాల్సిందే, కాదనను. అచ్చు పుస్తకం ఏం పాపం చేసిందని?

సగం ఖర్చు అడిగేవాళ్లందరూ మోసగాళ్లు కారు. ఏం అడగాలంటే: ఎడిటింగ్ ఎవరు చేస్తారు, ఎన్ని దుకాణాలకి పంపుతారు, ఆరు నెలలకోసారి అమ్మకాల లెక్క ఇస్తారా. ఈ మూడింటికీ "చూద్దాం లెండి" అంటే వచ్చేయండి.

డీటీపీబాబాయి | సోమవారం రాత్రి 11:05

పాప, ఒక్క ప్రశ్న. ఫైలు పాత అను ఫాంట్లలో ఉందా, ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లో ఉందా?

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం 7:20

బాబాయి గారూ, మొదటి మూడు అధ్యాయాలు బయట సెంటర్‌లో అనులో చేయించాను. మిగతావి నేనే ఫోన్‌లో, లాప్‌టాప్‌లో యూనికోడ్‌లో టైపు చేసుకున్నాను.

చిన్నప్రెస్ గారూ, లెక్క చూస్తే భయమేసింది. పోనీ లైబ్రరీలు కొంటాయి కదా? గ్రంథాలయాల మీద పుస్తకం గ్రంథాలయాలే కొనకపోతే ఎలా :)

డీటీపీబాబాయి | మంగళవారం ఉదయం 8:02

అనుకున్నా. సగం అదీ సగం ఇదీ అయితే కన్వర్టర్‌లో పోసి తీయాలి. తీసినప్పుడు వత్తులు చెదురుతాయి, అంకెలు, ఇంగ్లీషు పేర్లు అడ్డదిడ్డంగా మారతాయి. ఫుట్‌నోట్ల నంబర్లు జారిపోతాయి. కన్వర్ట్ చేశాక అక్షరం అక్షరం ప్రూఫు చూడాల్సిందే, దగ్గరదారి లేదు.

ఇంకా మన ప్రెస్సుల్లో చాలామంది పాత పేజ్‌మేకర్, అను కాంబినేషన్ వదలరు. అచ్చు కాగితం మీద అందంగానే ఉంటుంది. రేపు ఈ-బుక్ చేయాలన్నా, పీడీఎఫ్‌లో "వేటపాలెం" అని వెతకాలన్నా ఏమీ దొరకదు, కంప్యూటర్‌కి అది తెలుగే కాదు. రీసెర్చి పుస్తకానికి ఇండెక్స్ ఉండాలంటే మొదటి నుంచీ యూనికోడ్‌లో ఉంచండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే తెలుగు బాగానే కూర్చుంటుంది. బాడీకి మండలి ఫాంట్ చాలు, ఉచితం, కళ్లకి హాయి. శీర్షికలకి మీ ఇష్టం.

లైబ్రరీమేడమ్ | మంగళవారం మధ్యాహ్నం 1:40

> గ్రంథాలయాల మీద పుస్తకం గ్రంథాలయాలే కొనకపోతే ఎలా

నవ్వొచ్చింది, బాధా వేసింది. జిల్లా గ్రంథాలయ సంస్థలో పనిచేస్తున్నాను కాబట్టి ఉన్నది చెబుతాను.

రెండు రాష్ట్రాల్లోనూ పునాది 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టమే. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ప్రజలు కడుతున్నారు. వసూలు చేసేది మునిసిపాలిటీలూ పంచాయతీలూ. అక్కడి నుంచి మా దాకా రావడమే ఆలస్యం, బకాయిలు పేరుకుపోతాయి. వచ్చిన దాంట్లో జీతాలు, అద్దెలు, కరెంటు, దినపత్రికలు పోగా మిగిలితే పుస్తకాలు. ఆ మిగిలిన దాంట్లో పోటీ పరీక్షల గైడ్లకే డిమాండ్ ఎక్కువ. మా రీడింగ్ రూమ్‌లో పొద్దున్నే వచ్చి కూర్చునే పిల్లలు గ్రూప్స్ అభ్యర్థులే, వాళ్లని తప్పుపట్టలేం.

కొనుగోలు జరిగినప్పుడు కూడా పుస్తకం మీద ముద్రించిన ధర ఇవ్వరు. పేజీల లెక్కన రేటు కడతారు. ఏళ్ల తరబడి చేసిన పరిశోధనకీ, వారంలో కుట్టేసిన సంకలనానికీ పేజీ రేటు ఒకటే. చిన్న ప్రచురణకర్తలు అప్లికేషన్లు పెట్టుకుని ఏళ్లు ఎదురుచూస్తారు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ నుంచి కూడా పుస్తకాలు వస్తాయి, అందులో రాష్ట్రం తన వాటా కలపాల్సిన పథకం ఉంది.

కాబట్టి మా కొనుగోలుని నమ్ముకుని లెక్క వేయకండి. వస్తే బోనస్ అనుకోండి. మీ పుస్తకం మాత్రం నేను సొంత డబ్బుతో కొంటాను.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీతో పాటు చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు లైబ్రరీలకి కాపీలు పంపాలి. వందేళ్ల తర్వాత మీలాంటి పరిశోధకురాలు వెతికితే దొరికేది అక్కడే.

కొత్తసిరా | మంగళవారం సాయంత్రం 6:15

లైబ్రరీలు, దుకాణాలు అంటూ కూర్చుంటే పనవదు అక్కా. నా కథల పుస్తకం సొంతంగా వేసుకున్నాను. ఇన్‌స్టాలో కవర్ పెట్టి, గూగుల్ ఫామ్‌లో ప్రీ ఆర్డర్లు తీసుకుని, యూపీఐలో డబ్బు వచ్చాకే ప్రింటుకిచ్చా. ఎన్ని ఆర్డర్లొస్తే దాని మీద ఇంకొంచెం కలిపి వేయించా. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఫ్రెండ్ స్టాల్లో పెట్టా, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పెట్టా. దుకాణం కమీషన్ లేదు, బాకీలు లేవు.

పోస్టల్ భారం కూడా కొంచెం తగ్గింది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేసినప్పుడు అందరం గొల్లుమన్నాం. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళ్తుంది, ఆలస్యంగా చేరుతుంది, కానీ ట్రాకింగ్ ఉంది. ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో ఉండాలి, లోపల ప్రకటనలు ఉండకూడదు.

ఇక అసలు మాట. థీసిస్‌ని థీసిస్‌లా వేస్తే ఎవ్వరూ కొనరు. పూర్వ పరిశోధనల సమీక్ష, పరిశోధనా పద్ధతి, ఆ ఫుట్‌నోట్లు అన్నీ పీకేసి ఆ ఊళ్లలో మనుషుల కథలు చెప్పండి. నేనైతే మొదటి పది కాపీలు అమ్మిపెడతా.

రిటైర్డ్‌రీడర్ | మంగళవారం రాత్రి 8:30

కొత్తసిరా, చివరి మాట తప్ప అన్నీ ఒప్పుకుంటాను.

సమీక్షాధ్యాయం తీసేయమను, పద్ధతి గురించి రెండు పేరాలు ముందుమాటలో పెట్టమను. ఆధారాలు పీకేయమనకు. ఏ ఊరి రిజిస్టరులో, ఏ తేదీ మినిట్స్‌లో ఉందో చెప్పకపోతే అది చరిత్ర కాదు, కబుర్లు. తెలుగులో చరిత్ర పుస్తకాలకి వచ్చిన జబ్బే ఇది. ఒకరు రాసింది ఇంకొకరు, వాళ్లది మరొకరు ఎత్తి రాస్తారు. మొదట ఎవరు ఎక్కడ చూశారో కనుక్కుందామంటే దారి ఉండదు.

ముందే డబ్బు తీసుకుని పుస్తకం వేయడం నీ ఇన్‌స్టాతో మొదలవలేదు నాయనా. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు వరసగా తెచ్చారు, చందాదారుల్ని కూడగట్టుకునే. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు. అందులో కష్టమైన పుస్తకాలూ ఉన్నాయి. పాఠకుడికి అర్థం కాదని వాళ్లు అనుకోలేదు.

కొత్తసిరా | మంగళవారం రాత్రి 8:44

సార్, అప్పుడు చేతిలో ఫోన్ లేదు కదా. నోట్సు వద్దనడం లేదు, పేజీ కింద సగం నోట్సే ఉంటే చదివేవాడు పారిపోతాడు అంటున్నా.

చిన్నప్రెస్ | మంగళవారం రాత్రి 9:20

ఇద్దరూ ఆగండి. నోట్సు అధ్యాయం చివర పెట్టొచ్చు, అంకె చిన్నగా పైన ఉంటుంది. వద్దనుకున్నవాడు చూడడు.

దీనికంటే పెద్ద విషయం ఎవరూ ఎత్తలేదు. 410 పేజీల్ని 240 చేసేది ఎవరు? కోసేది, కలిపేది, అయిదో అధ్యాయంలో దాక్కున్న మంచి సంగతిని మొదటికి తెచ్చేది? అదీ ఎడిటింగ్. తెలుగులో ఎడిటర్ అంటే ప్రూఫులు దిద్దేవాడనే అనుకుంటారు. కవర్ ఆర్టిస్టుకి అయిదు వేలు మాట్లాడకుండా ఇస్తారు, ఆవిష్కరణ సభకి హాలు, శాలువాలు, టిఫిన్లకి పదిహేను వేలు పెడతారు. ఎడిటర్‌కి అయిదు వేలంటే "అచ్చుతప్పులు మేమే చూసుకుంటాం లెండి" అంటారు. నేను కూడా ప్రతి పుస్తకానికీ ఎడిటర్‌కి ఇచ్చుకోలేను, పైన లెక్క చూశారుగా. అందుకే మన చిన్న ప్రచురణల్లో మంచి విషయం ఉన్న పుస్తకాలు కూడా కలగాపులగంగా వస్తున్నాయి. పెద్ద ఇంగ్లీషు యూనివర్సిటీ ప్రెస్సుల్లో అయితే రాతప్రతిని ఇద్దరు ముగ్గురు నిపుణులకి పంపి, వాళ్ల అభిప్రాయాలు రాబట్టి, రచయితతో మళ్లీ రాయిస్తారు. మన దగ్గర ఆ మెట్టే లేదు.

కృష్ణాతీరం గారూ, మీ దగ్గర డబ్బుంటే కాగితానికీ కవర్‌కీ కాదు, దీనికి పెట్టండి.

డల్లాస్‌చదువరి | బుధవారం ఉదయం 6:55

ఇక్కడి నుంచి తెలుగు పుస్తకం తెప్పించుకుంటే పుస్తకం కంటే షిప్పింగ్ ఎక్కువ. కిండిల్‌లో పెట్టేయొచ్చు కదండీ?

ఎడిటింగ్ సంగతి ఏఐకి ఇవ్వొచ్చేమో. మా ఆఫీసులో రిపోర్టులన్నీ దాంతోనే దిద్దిస్తున్నాం.

డీటీపీబాబాయి | బుధవారం ఉదయం 9:10

కిండిల్‌లో 2016 డిసెంబరులో అయిదు భారతీయ భాషలకి తలుపు తీశారు సార్: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. మనది లేదు. పక్కింటి తమిళంవాళ్లు అప్పట్నుంచి అక్కడ పుస్తకాలు అమ్ముకుంటున్నారు. మనవాళ్లకి పీడీఎఫ్‌లూ సొంత యాప్‌లే దిక్కయ్యాయి. పీడీఎఫ్ ఒకసారి బయటపడితే టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది.

ఏఐతో ప్రూఫు మొన్న ఒకాయన చేయించి తెచ్చాడు. పాత దస్తావేజులోంచి ఎత్తి రాసిన భాగాన్ని కూడా నీట్‌గా ఇప్పటి భాషలోకి దిద్దేసింది. 1920ల్లో గుమస్తా రాసిన మినిట్స్ నిన్న వాట్సాప్‌లో రాసినట్టు తయారయ్యాయి. పాప థీసిస్‌లో బలమంతా ఆ పాత మినిట్సే. కొటేషన్ల జోలికి దాన్ని రానివ్వొద్దు. అచ్చుతప్పులు పట్టుకోవడానికి వాడుకుంటే వాడుకోండి, ప్రతి మార్పూ మనిషి చూడాలి.

ఓపెన్‌షెల్ఫ్ | బుధవారం మధ్యాహ్నం 12:25

నేను హైదరాబాద్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని. ఎవరూ అనని ఇంకో దారి: ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టడం. మీ థీసిస్ ఎలాగూ యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్తుంది. దాని మెరుగైన రూపాన్ని ఓపెన్ యాక్సెస్‌గా పెడితే డల్లాస్‌లోనూ చదువుతారు, డోర్నకల్‌లోనూ చదువుతారు.

బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధులిచ్చే యూకేఆర్‌ఐ, 2024 జనవరి నుంచి తన నిధులతో చేసిన పరిశోధన పుస్తకంగా వస్తే ఏడాదిలోపు ఉచితంగా అందుబాటులో ఉంచాలని నిబంధన పెట్టింది. దానికీ ఖర్చుంటుంది. పెద్ద ప్రచురణ సంస్థలు ఒక పుస్తకాన్ని అలా తెరిచి పెట్టడానికి వేల పౌండ్లు అడుగుతాయి. మన దగ్గర ప్రభుత్వ విద్యాసంస్థలకి జర్నళ్ల చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. మంచిదే, నేనూ రోజూ వాడుకుంటున్నా. కానీ ఆ డబ్బు చదవడానికి కట్టే చందా. తెలుగులో ఒక పరిశోధన గ్రంథం వేయడానికి అందులోంచి రూపాయి రాదు. 2024 జులైలో యూజీసీ మొదలుపెట్టిన అస్మిత ప్రాజెక్టులో 22 భాషల్లో అయిదేళ్లలో 22,000 పుస్తకాలు అన్నారు. అవి పాఠ్యపుస్తకాల కోసం. ఒకే విషయం మీద రాసే మనలాంటి పరిశోధన పుస్తకాలకి (మోనోగ్రాఫులకి) అక్కడ చోటు లేదు.

చిన్నప్రెస్ | బుధవారం మధ్యాహ్నం 1:05

ఉచితంగా నెట్‌లో పెడితే నా 300 కాపీలు ఎవరు కొంటారు తమ్ముడూ?

ఓపెన్‌షెల్ఫ్ | బుధవారం మధ్యాహ్నం 1:30

అన్నా, పుస్తకం వచ్చిన ఏడాదికో ఏడాదిన్నరకో పెడదాం. మీ అమ్మకం అప్పటికి అయిపోతుంది, మీరే అన్నారుగా 300 కాపీలని. ఆ తర్వాత పుస్తకం దొరక్క జిరాక్స్ తీసుకుంటారు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు గుర్తుందా? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో వేశాయి. కోర్స్ ప్యాక్‌లు (పాఠాల కోసం పుస్తకాల్లోంచి జిరాక్స్ తీసి కుట్టినవి) బోధన కోసమే కాబట్టి తప్పు కాదని 2016లో హైకోర్టు అంది, 2017లో ప్రచురణకర్తలే వెనక్కి తగ్గారు. విద్యార్థి కొనలేని ధర పెడితే విద్యార్థి వేరే దారి చూసుకుంటాడు. తెలుగులో ధర సమస్య కాదు, దొరక్కపోవడం సమస్య. కోఠిలో పాత పుస్తకాల మధ్య వెతుక్కునే బదులు పీడీఎఫ్ పెట్టేస్తే పోయేదేముంది?

చిన్నప్రెస్ | బుధవారం మధ్యాహ్నం 1:48

ఏడాదిన్నర అయితే ఆలోచిస్తా. రాతకోతల్లో మాత్రం ముందే ఉండాలి.

వకీలుబుర్ర | బుధవారం సాయంత్రం 5:30

రాతకోతలు అన్నారు కాబట్టి వచ్చాను. ఒప్పందం లేకుండా నోటిమాట మీద పుస్తకం ఇవ్వకండి. మన ప్రచురణ రంగంలో సగం గొడవలు దాంతోనే.

కాపీరైట్ మీ పేరు మీదే ఉండాలి. ప్రచురణ హక్కు మాత్రమే, ఇన్నేళ్లకి, ఇన్ని కాపీలకి అని రాయించుకోండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ మీకు కొంత అండ. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది మీకు తిరిగొస్తుంది. రాతప్రతి తీసుకుని మూడేళ్లు కూర్చునేవాళ్లకి ఈ మాట గుర్తుచేయండి.

ఈ-బుక్, ఆడియో, అనువాదం వేర్వేరు హక్కులు. "అన్ని రూపాల్లో, అన్ని కాలాలకూ" అనే వాక్యం కనిపిస్తే కొట్టేయండి. ఇప్పుడు ఇంకోటి కూడా చూడాలి. 2024లో టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ తన పుస్తకాలు, జర్నళ్లని ఏఐ కోసం మైక్రోసాఫ్ట్‌కి అందించే ఒప్పందం చేసుకుంది. చాలామంది రచయితలకి ఆ సంగతి వార్తల్లో చూశాకే తెలిసింది. ఏఐకి ఇవ్వాలంటే నన్ను అడగాలి అని ఒక్క వాక్యం రాయించుకుంటే పోయేదేమీ లేదు.

కృష్ణాతీరం | బుధవారం రాత్రి 10:10

ఇన్ని విషయాలు గైడ్ గారు కూడా చెప్పలేదు.

అనుకుంటున్నది ఇదీ. ఆ 35 వేల మెయిల్ డిలీట్ చేశాను. ఆ డబ్బులో కొంత ఎడిటర్‌కి పెడతాను, సమీక్షాధ్యాయం తీసేస్తాను, నోట్సు అధ్యాయాల చివరికి వెళ్తాయి. రిటైర్డ్‌రీడర్ గారూ, ఒక్క ఆధారం కూడా పోదు, మీరు టెన్షన్ పడకండి. విజయవాడ ప్రచురణకర్తని చిన్నప్రెస్ గారి మూడు ప్రశ్నలూ అడిగి, జవాబులు నచ్చితే వకీలు గారు చెప్పినట్టు ఒప్పందం రాయించుకుంటాను. ప్రీ ఆర్డర్ కొత్తసిరా చూసుకుంటానన్నాడు, ఫోన్ చేశాడు. పీడీఎఫ్ ఏడాదిన్నరకి.

ఒక సందేహం మిగిలింది. కొన్ని రిజిస్టర్ల పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. అవి పుస్తకంలో వేయొచ్చా? కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) సరిపోతుందా, 80 వేయించాలా?

లైబ్రరీమేడమ్ | బుధవారం రాత్రి 10:32

ఫొటోలకి ఆయా గ్రంథాలయ కమిటీల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇస్తారు, సంతోషిస్తారు కూడా. కృతజ్ఞతల్లో వాళ్ల ఊరి పేరు తప్పు లేకుండా వేయండి.

డీటీపీబాబాయి | బుధవారం రాత్రి 10:51

ఫొటోలు వాట్సాప్‌లో పంపొద్దు, క్వాలిటీ పోతుంది. డ్రైవ్‌లో అసలు ఫైళ్లు పెట్టు. 70 నేచురల్ షేడ్ వేయించు పాప. 240 పేజీలకి కవర్‌తో కలిపి 270 గ్రాముల దగ్గర ఆగుతుంది. 80 వేస్తే పుస్తకమే 300 దాటిపోయి జ్ఞాన్ పోస్ట్‌లో పై రేటు పడుతుంది. ప్యాకింగ్ కవర్ బరువు కూడా చూసుకోమని ఆ కొత్తసిరా కుర్రాడికి చెప్పు. మొదటి అధ్యాయం అను ఫైలు రేపు పంపు, ఎన్ని వత్తులు పోయాయో చూసి చెబుతా.